చందా పుస్తకంలో ఒక తలుపు

మొదటి పేజీలో డబ్బు లేదు.
ఊదారంగు బంగాళాదుంపలు రెండు బస్తాలు, రోసమెల్ ఇంటినుంచి.
పొగబెట్టిన ఆల్చిప్పల దండలు మూడు.
పది లీటర్ల డీజిలు అని రాశాను,
వచ్చింది ఆరు,
మిగతా నాలుగూ మాటగా ఉన్నాయి.
బడి పంతులమ్మ దెల్మీరా పాత దుప్పట్లిచ్చి
"తెర కుట్టుకోండి,
ఎలకలు కొట్టిన మూల పైకి పెట్టండి" అంది.

సాల్మన్ ఫ్యాక్టరీ మూసేశాక
మిగిలింది మేం ఐదుగురం, ఒక కారే పడవ.
నేను అక్కడ చేపలు తూచేవాణ్ణి.
అందుకే లెక్కలు నాకప్పగించారు.

రేవు దగ్గర మీటింగు పెట్టాం, వానలోనే.
చిలోయె దీవుల్లో వాన చుట్టం కాదు, ఇంటిమనిషి,
దాని కోసం ఎవరూ లేచి నిలబడరు.
"నాటకం తింటే కడుపు నిండుతుందా?"
ముసలి సరంగు ఎవరో అడిగాడు.
"తింటే నిండదు,
తిని వచ్చి చూడాలి" అంది ఎదువీనా.
నవ్వినవాళ్ళ పేర్లన్నీ అక్కడే రాసుకున్నాను.

ఈ దీవుల్లో ఇల్లు మారడమంటే
సామాను మోయడం కాదు.
ఇంటికే తాళ్ళు కట్టి, ఎడ్లు పూన్చి,
ఊరు ఊరంతా ఈడ్చుకుపోతుంది.
ఇంటాయన చేసేదల్లా అందరికీ వండిపెట్టడమే.
ఇంటిని లాగిన చేతులకి
ఒక నాటకం ఏపాటి బరువు?

వాటా మాత్రం ఒకటే అనుకున్నాం,
గుడ్డు ఇచ్చినా, ఇంజను ఇచ్చినా.
దీనిమీద రెండు రాత్రులు పోట్లాట.
మేకనిచ్చిన బౌదీలియో ఇప్పటికీ ఒప్పుకోలేదు.
తన వాటాకి
దుర్మార్గుడైన షావుకారు గెలవాలంటాడు.
"లోకంలో జరిగేదే కదా,
మేకనిచ్చి మరీ అబద్ధం చూడాలా?"

ఇక తలుపు.
నాటకంలో ఒక తలుపు కావాలి,
షావుకారు ధడేలున వేసి వెళ్ళిపోవాలి.
లెముయ్ దీవిలో విధవరాలు క్లోరిందా
వంటింటి తలుపు ఊడబీకి,
పడవదాకా తనే మోసుకొచ్చింది.
"మరి మీ ఇంటికో?"
"తార్పాలిన్ కట్టాను. గాలికి చదువు రాదు,
అది తలుపో గుడ్డో దానికేం తెలుసు."

మొదటి ఆట ఆ దీవిలోనే, దుంపల కొట్టంలో.
జనం ముప్ఫై ఒకరు, కుక్కలు నాలుగు.
రేకుల మీద వాన ఎంత మోతంటే
ప్రేమ మాటలు కూడా అరిచి చెప్పాల్సి వచ్చింది,
సిగ్గుపడే చోట ఎదువీనా గొంతు పోయింది.
షావుకారు కోపంగా లేచాడు,
తలుపు పట్టుకున్నాడు,
వెయ్యబోతుండగా
మూడో వరుసలోంచి కేక:
"నెమ్మదిరా నాయనా! కింది బందు వదులు!"

కొట్టం అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.
షావుకారు వేషం కట్టిన లౌతారో
ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి,
తలుపుని రెండు చేతులా ఎత్తి పట్టి,
పసిబిడ్డని పడుకోబెట్టినట్టు
మూసి,
కోపంగానే వెళ్ళిపోయాడు.

అప్పుడు లేచిన నవ్వుని
నా తక్కెడ తూచలేదు.
బౌదీలియో కళ్ళు తుడుచుకోవడం చూశాను,
అడిగితే పొగ అన్నాడు.

ఇప్పుడు ఏ దీవికి పోయినా
ఆ కేక నాటకంలో ఉంది.
క్లోరిందా లేనిచోట దెల్మీరా అరుస్తుంది,
కానీ అంత బాగా కాదు.
ఆ బందుని ఎవరం బాగుచెయ్యలేదు.

ఆ రాత్రి పడవెక్కుతూ అడిగాను,
తలుపు ఎప్పుడు తెచ్చివ్వమంటారని.
"నాటకం అయిపోయాక" అంది.
"ఎప్పుడవుతుంది?"
"అది నన్నడుగుతావేం, లెక్కలు రాసేది నువ్వు కదా."

లాంతరు వెలుతురులో, తడిచిన పేజీలో రాశాను:
తలుపు ఒకటి. అప్పుగా తెచ్చినది.
తేదీ దగ్గర పెన్సిలు ఆగింది.
అలల మీద పడవ ఊగి
అక్కడొక వంకర గీత పడింది.
దాన్ని చెరపలేదు.