పందొమ్మిది రోజుల పెద్దరికం

నాగసాకి. మూడో నంబరు కిటికీ.
కుటుంబ రిజిస్టరు నా చేతిమీదుగానే నడుస్తుంది:
పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పేరు మార్చుకున్నవాళ్లు.

పదకొండేళ్ల కిందట తడిసి ముద్దయి వచ్చారిద్దరు.
గొడుగులు బాగుచేసేవాళ్లట,
చేతిలో గొడుగు లేదు.
కియొహారుకి డెబ్బై నిండాయి.
షుంగొకి ఇంకా నిండలేదు,
పందొమ్మిది రోజులు చిన్న.
దత్తత కాగితం నా ముందు పెట్టారు.

మా చట్టంలో ఒక్కరోజు పెద్దయినా చాలు
తండ్రి కావడానికి.
తేదీలు చూశాను, సాక్షుల ముద్రలు చూశాను,
మొహాలు చూడలేదు.
ఆ ఫారంలో వాటికి గడి లేదు.
"ఆస్పత్రిలో వీణ్ణి లోపలికి రానివ్వలేదు.
ఏమవుతావంటే ఏం చెప్తాడు?"
అన్నాడు పెద్దవాడు, నేనేమీ అడక్కుండానే.
షుంగొ ఇంటిపేరు కొట్టేశాను.
కొడుకు, అని రాశాను.
నలభై ఏళ్లు ఒకే దుప్పటి కింద వణికిన మనిషిని
కొడుకు అని.

తర్వాత ట్రాములో కనబడుతూనే ఉన్నారు.
ఒకరి చొక్కా గుండీ ఇంకొకరు పెట్టడం,
కేకు ముక్కని రుమాల్లోనే సగం చేసుకోవడం.
"నాన్నగారు బావున్నారా?" అని షుంగొని అడిగానోసారి,
మర్యాదకి.
అతను నవ్విన నవ్వు
గాలికి తిరగబడిన గొడుగు,
ఊచలన్నీ బయటికి.

నిన్న మళ్లీ వచ్చారు.
రేడియోలో విన్నారట,
తమలాంటివాళ్లకి పెళ్లి లేదనడం
రాజ్యాంగానికి తగదని హైకోర్టు అన్నదని.
చట్టం ఇంకా మారలేదు. నాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు.
"మారిననాడు వరసలో ముందుందామని"
దత్తత రద్దు ఫారం అడిగాడు కియొహారు.
ఎనభై ఒకటి. వేలు వణుకుతోంది.

ఏడువందల ముప్పైఆరో సెక్షన్.
ఒకసారి తండ్రీకొడుకులైనవాళ్లు
ఆ బంధం తెగినా సరే
ఎన్నటికీ ఆలుమగలు కాలేరు.
దొడ్డిదారిన వచ్చినవాడికి
వీధి తలుపు తియ్యరట.
వీధి తలుపే లేనప్పుడు వచ్చినవాడికి కూడా.

చెప్పాను. వేలితో వాక్యం చూపించి మరీ చెప్పాను.
షుంగొ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు,
రెండోసారి ఇంకోలా ఉంటుందేమోనని.
కియొహారు మాత్రం
"సరే, ఎలాగూ తండ్రినే కదా,
వేళకి మందు వేసుకోమని మీరైనా చెప్పండమ్మా వీడికి" అన్నాడు.
ముగ్గురం నవ్వాం.
ఫారం వెనక్కి తీసుకోబోతే ఇవ్వలేదు,
నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

బయట వాన.
ఈసారి గొడుగుంది. ఒకటే.
పొడుగువాడు పట్టుకున్నాడు,
పొట్టివాడి వైపు బాగా వంచి,
తన భుజం తడుస్తున్నా.

తర్వాతి నంబరు పిలవాలి నేను.
కాసేపు పిలవలేదు.