అట్టముక్క మీద ఊరు

టమాటల పెట్టె చింపి, లోపలి వైపు
బొగ్గుతో ఊరు గీసిన.
నలభై మూడు ఇండ్లు, బడి, మసీదు,
మేకల దొడ్లు నాలుగు,
కొండ మెడ మీద పాత కావలి బురుజు.
హైవే టవరు పదకొండు కిలోమీటర్లు.
నడుమ ఎర్రగుట్ట ఒకటి
మొండి బర్రె లెక్క అడ్డం పండుకున్నది.

బురుజెక్కితే టవరు కొస కనవడ్డది,
దుమ్ము లేని పొద్దుగాల మాత్రమే.
ఫోను అందదు గనుక
షఫీకుల్ ఆడ టవరు కింద నిలబడి
గడ్డం గీసుకునే అద్దంతో
ఎండను నా కండ్లలకు విసిరిండు.
అదే మా సర్వే.

రాత్రి ఖల్ఫాన్ ఇంట్ల చాప మీద లెక్కలు.
ముందు ఖర్జూరం, తర్వాత కాఫీ, తర్వాత కొట్లాట.
తీగ ఎవరి గోడ మీదికెల్లి పోవాలె?
సోలారు పెట్టె తాళం ఎవరి నడుముకు?
పంతులమ్మ జుహైనా పొద్దుటి పూటంతా బడికన్నది.
చేపల లారీ హిలాల్
బంతాట ఉన్న రాత్రి మొత్తం నాకే అన్నడు.

ఖల్ఫాన్ నోరు తెరవలే.
అరవై ఏండ్లు ఫలజ్ కాలువకు
పగలు పుల్ల నీడ, రాత్రి చుక్క నడక కొలిచి
వంతులేసిన మనిషి.
అరగంట నీళ్ళ కోసం పదేండ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు
ఆయన తలకాయల ఇంకా పక్కపక్కనే ఉన్నరు.

మా తాత నీరటి.
ఆ మాట అరబ్బీల చెప్పరాక
లేని పార పట్టుకొని, లేని మడవ కట్టి చూపిన.
ముసలాయన నవ్విండు.

అట్టముక్క దీపం దగ్గరికి జరిపి
చుక్క చుక్క మీద వేలుపెట్టి
ఇంటి పేర్లు చదివిండు.
వేలు మోటరు షెడ్డు వెనక
ఖాళీ జాగల ఆగింది.
"నువ్వు పండుకునేదేడ?"

గీయలే.
పదకొండు మందిమి ఉంటమాడ,
శుక్రవారం గుట్టెక్కి
ఫోన్లు ఆకాశానికి చాపేటోళ్ళం.
మర్చిపోయిన అంటే అబద్ధం. అలవాటు.

కాలువ ఊర్లకొచ్చే మొదటి జాగల
తాగే నీళ్ళకు వంతు లేదన్నడు.
బాటసారైనా, గాడిదైనా.
కొలత ఆ తర్వాత, తోటలకు.

హిలాల్ ఏందో గొణిగిండు.
జుహైనా సరే అనలే, కాదనలే,
ఇగ చాలన్నట్టు కాఫీ గిన్నె ఊపింది.
పైసలింకా సగమే ఉన్నయి.
మస్కట్ నుంచి కాగితం రాలే.
గుట్ట జరిగేది కాదు.

బొగ్గు అడిగి తీసుకొని
షెడ్డు కాడ ఆయనే చుక్క పెట్టిండు.
చెయ్యి వణికి
అది బడి కంటే పెద్దగైంది.