అడుగు వైపు

నాలుగు గంటలు అరువిచ్చింది సముద్రం.
మళ్ళీ పోటెక్కేలోగా
ఈ గట్టుని చదివి బయటపడాలి.

బిస్కే అఖాతం ఒడ్డున ఇక్కడ
రాతిపొరలు పడుకుని ఉండవు.
కొండ ముడుచుకున్నప్పుడెప్పుడో
లేచి నిలబడ్డాయి, అన్నీ ఒకేసారి.
అరలో సర్దిన పుస్తకాల్లా, అని రాశాను మొదటిరోజు.
గార్బిన్యె టీచర్ ఆ వాక్యం మీద గీత కొట్టింది:
"పోలికలు తర్వాత, నెకానె. ముందు మందం రాయి."

రాశాను.
ఇసుకరాయి, పదకొండు సెంటీమీటర్లు.
బురదరాయి, నాలుగు.
ఇసుకరాయి, ఆరున్నర.
సున్నం కలిసిన బురద, ముప్ఫై.
మెడలో తాడుకి భూతద్దం, చేతిలో సుద్దముక్క,
ఉప్పుకి పగిలిన మోకాళ్ళు.

ఈ ఇసుక ఒక్క పూటది.
లోతునీటి వాలు మీద మడ్డి జారి
మబ్బులా కిందికి పరుగెత్తి
అలిసిపోయిన చోట మేట వేసింది.
గరుసు ముందు దిగింది, సన్నం తర్వాత,
నుసి అన్నిటికన్నా ఆఖర్న,
కలియబెట్టి వదిలేసిన బిందెలో నీళ్ళు తేటపడినట్టు.
(ఇదీ పోలికే. ఈసారి ఆమె కొట్టేయలేదు.)

దాని పక్కన నాలుగు వేళ్ళ బురద
వేల ఏళ్ళది.
చిటికెడు చిటికెడుగా, చప్పుడు లేకుండా,
మధ్యలో ఒక పురుగు మెలికలు తిరిగి పోయిన దారితో సహా.
నా నోటుపుస్తకంలో రెంటికీ
చెరొక గడి.

మూడో రోజు మధ్యాహ్నానికి
రెండువందల పన్నెండు పొరలు.
ఏటి మూతి నుంచి కొమ్ము దాకా, పాతది మొదలు కొత్తది వరకు,
గర్వంగా అంకెలు వేసి చూపించాను.

టీచర్ పుస్తకం తెరవలేదు.
నా చెయ్యి పట్టుకుని
ఒక పలక కుడిపక్కకి ఆనించింది.
"ఏం తగులుతోంది?"
బుడిపెలు. గరిటె వీపుల్లా, వరసగా, ఒకే దిక్కుకి.
"ప్రవాహం బురదని తోడింది. ఆ గుంటల్లో ఇసుక నిండింది.
ఇవి అడుగునే పుడతాయి.
మూడు రోజులుగా నేలని నెత్తిన పెట్టుకుని నడుస్తున్నావు."

రెండో పేజీ మూలన
నా దస్తూరీయే, చిన్నగా:
"గరుసు కుడివైపు?"
చూశాను, రాశాను,
నమ్మకుండా ముందుకెళ్ళాను.

రాళ్ళకి కరుచుకున్న గుల్లల్ని కత్తితో పెకలిస్తూ
అంతా వింటున్నాడు కోస్మె.
ముప్ఫై ఏళ్ళు వలలు లాగిన మనిషి.
"ఇందులో తుఫాను రాత్రి ఏది, పిల్లా?"
ఇసుకపొర మీద వేలు పెట్టబోయి ఆగాను.
"తుఫానే కావచ్చు. భూమి కదిలుండొచ్చు.
ఊరికే బరువెక్కి జారిందేమో కూడా.
రాయి చెప్పదు."
"మరేం చెబుతుంది?"
"ఎటునుంచి వచ్చిందో చెబుతుంది.
బుడిపె ఉబ్బిన కొన ఎటుంటే అటునుంచి."

కత్తి తుడుచుకుంటూ కాసేపు ఊరుకున్నాడు.
"మా అన్న పడవదీ అంతే.
ఒక చెక్క ఒడ్డుకొచ్చింది.
ఏ వైపు నుంచి కొట్టుకొచ్చిందో చెప్పగలిగాం,
అంతకు మించి లేదు."
తర్వాత, బురదపొరని బొటనవేలితో కొలుస్తూ,
"ఏమీ జరగని రోజులన్నీ కలిపి ఇంతేనా?"
ఇంతే, అన్నాను.
ఇంత కూడా మిగలని చోట్లున్నాయని
చెప్పాలనుకుని మానేశాను.

పోటు మొదలైంది. చెప్పుల కింద నురగ.
సుద్దతో వేసిన అంకెలు
ఒకటొకటే తడిసి పోతున్నాయి:
ముందు డెబ్బై, తర్వాత పదహారు,
నీటికి వరస పట్టదు.

రాత్రి గదిలో కూర్చుని
రెండువందల పన్నెండుని ఒకటి చేశాను.
ఒకటిని రెండువందల పన్నెండు.
నూట ఆరు, నూట ఏడు స్థానాలు మార్చుకుని
పక్కపక్కనే ఉండిపోయాయి.
కోస్మె ఇచ్చిన గుల్లలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి.
గిన్నె అడుగున ఇసుక చప్పుడు.
మూలనున్న ఆ ప్రశ్నార్థకాన్ని
చెరపబోయి
దాని పక్కన తేదీ వేశాను.