పావుకిలో హారను మోత

తాడిపత్రిలో నాపరాళ్ల దుమ్ము
ముందు కార్ల మీద పడుతుంది, తర్వాతే మనుషుల మీద.
జిలాన్ మేస్త్రి షెడ్డులో చేరిన దినం నాకు పదమూడేళ్లు.
తుడిచే గుడ్డ చేతికిచ్చి,
మధ్యాన్నానికల్లా అసలు పని చెప్పినాడు:
"రేయ్ కంబగిరీ, డాక్టరు సారు అంబాసిడర్ హారన్లో
మోత అయిపోయిందిరా.
పెద్దన్న స్టోర్సుకు పోయి పావుకిలో కట్టించుకోనిరా.
తూకం చూసుకో, మోసగాడు."

పోయినా. పెద్దన్న నవ్వలేదు. అదే ఆయన గొప్ప.
"మోత నిన్ననే అయిపోయిందప్పా,
గౌసు లేతులో అడుగు."
గౌసు ఇనుపపొట్టు ఊదుకుంటా
"సన్నమోతా, లావుమోతా?" అన్నాడు.
అది మేస్త్రి చెప్పలేదే!
ఎండలో షెడ్డుకొచ్చి, అడిగి, మళ్లీ పోయినా.
ఆఖరికి పంచర్ల సుంకన్న
గోనెసంచి మూతి బిగించి నా నెత్తికెత్తినాడు.
"దోవలో తెరవద్దు. మోగిందంటే పోలీసోళ్లు పట్టుకుంటారు."
పావుకిలో ఇంత బరువుంటుందా అని
ఒక్కసారన్నా అనుకోలే.
లోపల రెండు రాళ్లు. నాపరాళ్లే.

రేకులు అదిరేటట్టు నవ్వినారు.
మేస్త్రి నవ్వి నవ్వి బానెట్టు మీద వాలిపోయి,
తర్వాత నాకు టీ, ఒక బన్ను.
ఆ బన్ను కోసమే ఇంకో వారం
తెలిసి తెలిసి మోసపోయినా.
ఎడమచేతి పానా కోసం పోయినా,
టైర్లలోకి చలికాలపు గాలి కోసం,
సైలెన్సర్లో పోసే నిశ్శబ్దం కోసం మూతడబ్బా పట్టుకోని,
హెడ్‌లైట్ల కింద రాలిన వెలుతురు ఊడ్చే పొరక కోసం.

ఆదివారమైతే పాతకార్ల ఆసాములంతా షెడ్డు ముందర.
కొత్తగా పాతబండి కొన్నోడు ఎవరన్నా దొరికితే
"క్లచ్చి గట్టిగుందా సార్?
రాత్రంతా మజ్జిగలో నానబెట్టండి" అనేవాళ్లు,
సావు కబురు చెప్పినంత గంభీరంగా.
ఒకాయన నిజంగానే కుండెడు మజ్జిగ తెచ్చినాడు.
అందరం తాగినాము.

ఆ మే నెలలో
పెండ్లికొడుకును జమ్మలమడుగు చేర్చాల్సిన పద్మిని
మా ముందరే ఆగి, రేడియేటరు కారుతా నిలబడింది.
మేస్త్రి అన్నాడు: "ఉరుకు. యాభై గ్రాముల పసుపు. దీంట్లో వెయ్యాల."
నేను కదల్లే. "ఈసారి పడన్లే మేస్త్రీ."
అప్పుడాయన మొగం చూసినా.
ఉరికినా.

"ఎందుకురా పసుపు?" గురవయ్య శెట్టి.
"రేడియేటర్లోకి."
తక్కెడ కింద పెట్టి కడుపు పట్టుకున్నాడు శెట్టి.
"ఉప్పూ కారం కూడా తీసుకపొమ్మన్నాడా?"
పక్కంగడికి నాకంటే ముందు నవ్వు పోయింది.
ఆ పక్కంగడికీ.
బజారు బజారంతా నవ్వు నేర్చింది మా షెడ్డులోనే కదా,
ఎవరిని తిట్టేది?
ఏడుపొచ్చింది. బోండాల బండి బీబమ్మ
ఏమీ అడక్కుండా తన డబ్బాలోది
గుప్పెడు పొట్లం కట్టిచ్చింది.

పచ్చటి నీళ్లు చీలిక దగ్గర కాసేపు తడబడి,
ఒక చుక్క, ఇంకో చుక్క,
ఆగిపోయినాయి.
పెండ్లికొడుకు ఒంటి మీద పసుపు, బండి కడుపులో పసుపు.
ఇద్దరూ సమయానికే చేరినారంట.

ఇప్పుడు మేస్త్రి లేడు. షెడ్డు నాది.
కొత్త పిల్లోడు నాగమల్లేశును
ఎడమచేతి పానా తేపొమ్మంటే
ఫోన్లో చూసి, తల కూడా ఎత్తకుండా
"అట్లాంటిది లేదన్నా" అన్నాడు.
వాడికీ బన్ను తెప్పించినా. ఎందుకో.

నిన్న ఇంకో పద్మిని, కారుతా వచ్చింది.
"పసుపు తేపోరా."
"పోన్నా, నాకు తెల్దా" అని మళ్లీ ఫోన్లోకి.

నేనే చెప్పులేసుకున్నా.
గురవయ్య శెట్టి గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు ఆయన కొడుకు.
"యాభై గ్రాములా? ఎందుకు మామా?"
నిజం నాలుక దాకా వచ్చింది.
మింగి,
"కూరలోకి" అన్నా.