మడత మార్చడం

ఫ్రిజ్‌లో రెండు సీసాలు, పక్కపక్కనే.
రెండూ ఖాళీగానే కనిపిస్తాయి.
వెలుతురుకి పట్టి చూస్తే అడుగున
ఊదితే పోయేంత పొడి.
సెలైన్ పోసి మెల్లగా తిప్పాలి, కుదపకూడదు,
నిద్రపోతున్న బిడ్డని భుజం మార్చుకున్నట్టు.

బరంపురంలో, గిరి రోడ్డు మీద, మూడో అంతస్తులో
పాఢీ డాక్టరు గారి దగ్గర నాది ఈ పని.
ముఖాల మీద తెల్ల పెన్సిల్‌తో చుక్కలు పెడతాను.
ఒడియా వాళ్లకి "హసొంతు" అంటాను,
మనవాళ్లకి "నవ్వండమ్మా."
ఆ తర్వాత కోపం తెచ్చుకోమంటాను.
నవ్వమంటే తడబడతారు చాలామంది.
కోపానికి ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు.

ఓ బుధవారం మైలపల్లి పోలమ్మ వచ్చింది
గోపాల్‌పూర్ నుంచి, మొదటి బస్సుకి.
కుర్చీలో కూర్చోకముందే
"రెండిట్లో ఏటి తేడా? ఉన్నదున్నట్టు సెప్పు" అంది,
మొప్పలెత్తి చేపని చూసే కళ్లతో.

చెప్పాను.
ఇది పెట్టిన చోటే ఉంటుంది, దాదాపు.
అది కాస్త పక్కకి పాకుతుంది,
తడిగోడ మీద సున్నంలా.
ఒకటి రెండ్రోజులు ముందే పట్టుకున్నా పట్టుకోవచ్చు.
దీనికి ఇరవై అంటే దానికి యాభై;
అంకె చూసి మోసమనుకోకు,
ఆ కుంచం వేరు, ఈ కుంచం వేరు.
రెండూ మూణ్ణాలుగు నెలలే.
గుంట పూడ్చే మందు ఇంకోటి ఉంది,
అది కండని నిద్రపుచ్చదు, లోతుని నింపుతుంది,
పెదాల పక్కలకి. నీకక్కర్లేదు.

"అంటే ఒకే సేప, రెండు వలలు" అంది.

నేను దేవాంగుల పిల్లని. మా మగ్గం నాన్నతోనే ఆగింది.
పట్టుచీరల్ని ఆర్నెల్లకోసారి బయటికి తీసి
మడత మార్చి పెట్టేది అమ్మ.
ఒకే మడతలో ఉంచితే పట్టు అక్కడే చిట్లుతుంది.
పోలమ్మ కనుబొమల మధ్య అలాంటివే
రెండు, నిలువుగా,
ముప్పై ఏళ్లుగా ఎవరూ మార్చనివి.
పొద్దున్నే ఎండకి ఎదురు నిలబడి
ఏ పడవ ముందొస్తుందో చూసి చూసి పడ్డవి.

"మనవరాలు అడిగింది, నామీద కోపమా అని.
అప్పుడు నాను నవ్వతన్నాను."

డాక్టరు గారు వచ్చి నుదురంతా చూశారు.
అడ్డగీతలు కూడా కలిపి చేద్దాం, ధర తగ్గిస్తానన్నారు.
పోలమ్మ లేచి నిలబడింది.

"ఇది నా పాట బాబూ.
ఏలంలో నోరిప్పితే పక్కోడికి తెలిసిపోద్ది.
ఎడం బొమ్మెత్తితే వంద.
రెండూ ఎత్తితే రెండొందలు.
దించీసినానంటే నాకొద్దు, తీసుకుపో.
నుదురు పడుకుందంటే
నా గొంతు పడుకున్నట్టే."

డాక్టరు గారికి తెలుగు సగమే వచ్చు.
మిగతా సగం ఆ కనుబొమలే చెప్పాయి.

సరే, మధ్యలోవి మాత్రమే.
పాకని సీసా నుంచి.
ఐదు చుక్కలు, ఐదుసార్లు సూది.
ఆమె ఊపిరి బిగపట్టలేదు సరికదా
నా గాజులు ఏ కొట్లో కొన్నానని అడిగింది.

పదిహేనో రోజు మళ్లీ చూడాలి, అది పద్ధతి.
వచ్చింది. మడత లేదు.
ముఖం ఉతికి ఆరేసినట్టుంది,
కొంచెం ఎవరిదోలా కూడా ఉంది.
కోపం తెచ్చుకోమన్నాను.
పళ్లు బిగించింది, మెడ నరం లేచింది,
కనుబొమలు ఒకదాని దగ్గరికొకటి పోలేదు.
"ఉందమ్మా, నోపలుంది," అంది,
"దారే మూసీసినావు."
మనవరాలు ఏమందని అడిగాను.
"ఇప్పుడు బియ్యం దొంగిలించినా బయపడదు,
సచ్చేది."

నాలుగు నెలలు ఆగు, తిరిగొస్తుందన్నాను.
రానీ అందో, వద్దందో,
కింద ఆటో హారన్‌లో వినబడలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి,
నా చేతి గాజుల వైపు చూసి
ఎడం బొమ్మ ఎత్తింది.

నేను రెండూ ఎత్తాను.