తలకిందుల పంటు

పద్నాలుగయ్యాయి.
పదమూడు బియ్యం డ్రమ్ములో ఉన్నాయి.

నవ్వుతారు గానీ
ఈ నేలలో గాలి కూడా నీళ్లే తాగుతుంది.
శ్రావణం వెళ్లేలోగా
కెమెరా అద్దం లోపల బూజు వేళ్లు చాపుతుంది,
తోలు సంచీ పచ్చబడుతుంది.
అందుకే మాత్రల డబ్బాల్లో వచ్చే
తేమ పీల్చే బుల్లి పొట్లాలు
మా సబ్‌సెంటర్లో ఇప్పుడెవరూ పారేయరు.
"శేషారత్నం గారికి ఉంచండి" అంటారు.

నేను నర్సుని. లంకల్లో సూదులేసే మనిషిని.
ఏ ఇంటి అటక మీద ఏముందో నాకు తెలుసు.
పిల్లకి చుక్కలేసి, కార్డు మీద సంతకం చేసి,
లేస్తూ లేస్తూ అడుగుతాను:
"పాత కెమెరా ఏదైనా ఉందేంటండి?"
మొదట్లో భయపడేవారు, రేషను కార్డు సర్వే అనుకుని.

ఒకావిడ డబ్బా కెమెరాలో ఆవాలు పోసుకుంది.
రొయ్యల చెరువు కాపలా పాకలో ఇంకొకటి
తలుపు కొట్టుకోకుండా అడ్డం పడుంది.
కువైట్ నుంచి వచ్చిందొకటి
అట్టపెట్టె విప్పకుండానే ముసలిదైపోయింది.
ఐసు పారబోసి, పొడిగా తుడిచి
టీకాల పెట్టెలోనే ఇంటికి తెస్తాను.
"ఫొటో తీయని కెమెరా, పాలివ్వని గేదె" అంటాడు మా ఆయన.
మేత అడగదు కదా అంటాను.

ఈ పద్నాలుగోది డ్రమ్ములో పట్టదు.
మూడు కాళ్లు, మడతల తిత్తి, నల్లగుడ్డ.
ముక్తేశ్వరంలో వాకా సువార్తరాజు గారిది.
బీపీ చూడ్డానికెళితే బేరం కుదిరింది.
ఎనిమిది వందలు, ఒక షరతు:
రేవులో ఒక్కసారి నిలబెట్టి చూడాలి.

గుడ్డలో తల దూర్చాను.
గరుకు గాజు పలక మీద
గోదారి పైన, ఆకాశం కింద.
కొబ్బరిచెట్లు గట్టు పట్టుకుని వేలాడుతున్నాయి.
మోటారుసైకిళ్లతో, అరటిగెలలతో పంటు
పైకప్పు మీద బల్లిలా పాకుతోంది.
ఎవరూ జారిపడ్డంలేదు.

"తలకిందులుగా ఉందండీ" అన్నాను, తెలిసే.
గుడ్డ బయట ఆయన గొంతు:
"ఆయ్. ఎనభయ్యారులో
కెమెరా లేకుండానే చూశాం కదండీ.
వాన తెరిపిచ్చాక డాబా మీంచి చూస్తే
మా వీధి నిండా మబ్బులే.
దీన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
ఒక్కటీ తీయలేదు.
ఫిలిం నానిపోయిందని చెప్పానండి అందరికీ."
తర్వాత ఏమీ అనలేదు.
డబ్బు లెక్కపెట్టుకోలేదు కూడా.

ఇంటికొచ్చి మెత్తని కుంచెతో తిత్తి దులుపుతుంటే
నాలుగో మడతలో
గోధుమరంగు ఒండ్రు, చెంచాడు.
ఊదబోయి ఆగాను.
ఆ మడత అలాగే మూసేశాను.

ముందుగదిలో నిలబడి ఉందిప్పుడు, గుడ్డ కప్పుకుని.
రాత్రి మంచినీళ్లకి లేచిన మా ఆయన
దాని ముందాగి
చొక్కా పైగుండీ పెట్టుకోవడం చూశాను.
చూడనట్టు
అటు తిరిగి పడుకున్నాను.