ఏడో అక్షరం

రాయిని కొట్టి వినాలి, అనేవాడు మా మేస్త్రి పీరయ్య.
గని అడుగున, పొర మీద, ఉలి వెనకతో ఒక్క దెబ్బ.
గట్టి రాయి గిన్నెలా మోగుతుంది,
లోపల బీట ఉన్నది చెక్కలా మూలుగుతుంది.
చూపుకు రెండూ ఒకటే నలుపు.
ఇరవై రెండేళ్ళు మార్కాపురంలో పలకలు చీల్చి
చట్రాలు బిగించిన చెవులు ఇవి.
నా కొడుకు పొట్టలో మాత్రం
ఏ చప్పుడూ వినలేకపోయాయి.

నీళ్ళు పోస్తూ హుసేనమ్మ చెయ్యే ముందు కనుక్కుంది.
ఎడమ డొక్క కింద, నిమ్మకాయంత.
వలీకి అప్పటికి ఐదేళ్ళు నిండి నెల.

కోశారు. మందెక్కించారు.
జుట్టు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
కమురు వాసన రాని మంటతో కాల్చారు.
ఏడాదిన్నరకి అది తిరిగొచ్చింది,
చుట్టంలా కాదు,
తాళంచెవి ఉన్నవాడిలా.

అప్పుడు ఆ చిన్న డాక్టరమ్మ
సంతకం కాగితం వెనక్కి తిప్పి బొమ్మేసింది.
ఒంట్లో కాపలా కణాలుంటాయంట.
గడ్డ పక్కనించే పోతాయంట, మనదేలే అనుకుని.
"మాంసకృత్తు అంటే పొడుగు పూసల దండ.
ఆ గడ్డలో ఉన్న దండలోంచి తొమ్మిది పూసల వరస ఎంచుకుని
అచ్చం అట్టాంటిదే తయారు చేశాం.
పూసకో అక్షరం. పెప్టైడ్ అంటారు, టీకా లాంటిదే.
తొడకి సూది వేస్తాం.
కాపలావాళ్ళు ఆ తొమ్మిదీ చదివి కంఠతా పడితే..."
'పడితే' దగ్గర ఆగింది.
ఆ ఆగడం నాకు నచ్చింది.
"ఇంకా పరీక్షలో ఉన్న మందు. మాటివ్వలేను" అంది.

అందరికీ పడదు ఆ మందు.
రక్తంలో ఏదో గుర్తు కలవాలి. వలీకి కలిసింది.
పక్క మంచం పామూరు పిల్ల, వెంగమాంబకి కలవలేదు.
వాళ్ళ నాయన సంచీ సర్దుకుని
మిగిలిన బత్తాయిలు మా కిటికీలో పెట్టి పోయాడు.
రెండు రోజులు ఎవరమూ ఒలవలేదు.
మూడో రోజు వలీ అడిగి తిన్నాడు.

పదిహేను రోజులకోసారి
మార్కాపురం రోడ్డు స్టేషన్లో, చీకట్లో, వాడు నా భుజం మీద.
మూడో సూదికి తొడ మీద రేగుపండంత గట్టిగా లేచింది.
ఒళ్ళు కాలిపోయింది.
హుసేనమ్మ వణుకుతూ ఫోన్ చేస్తే
డాక్టరమ్మ గొంతులో సంతోషం దాగలేదు.
"చదువు మొదలైనట్టుందమ్మా. తడిగుడ్డ వెయ్యండి."
ఒక గడ్డకి ఏడ్చిన ఇంట్లో
ఇంకో గడ్డని మాటిమాటికీ తడిమి చూసుకుని
ఆ రాత్రి నిద్రపోయాం.

నర్సుని బతిమాలి ఆ తొమ్మిదీ పెద్దగా రాయించుకున్నా.
మూల విరిగిన పలక ఒకటి, ఎగుమతికి పనికిరానిది,
చట్రం కట్టి వాడికిచ్చా.
దిద్దాడు. ఎక్కంలా పాడాడు.
"దీనికి అర్థమేంది నాయనా?"
అర్థం లేదురా.
"మరి నేనెందుకు నేర్చుకోవాల?"
నేర్చుకోవాల్సింది నువ్వు కాదురా, అనబోయి
మింగేశాను.

మొన్నటి స్కాన్లో పెరగలేదు. తగ్గనూ లేదు.
డాక్టరమ్మ అంతకు మించి ఒక్క మాట వాడలేదు.
ఫ్యాక్టరీలో రంపం నీళ్ళు చిమ్ముతూ తిరుగుతోంది,
పాదాల కింద బూడిదరంగు బురద.
నా దగ్గు సంగతి ఇక్కడ ఎత్తను.

సాయంత్రం చూడకుండా రాసి చూపించాడు.
ఎనిమిది సరిగ్గా ఉన్నాయి.
ఏడోది, ఎస్సు, అద్దంలో చూసినట్టు తిరగబడింది.
"పోనీలే, పిల్లోడు" అంది వాళ్ళమ్మ.
తడివేలితో ఆ ఒక్కటీ తుడిచాను.
బలపం వాడి వేళ్ళ మధ్య పెట్టి
ఆ వేళ్ళ మీద నా చెయ్యి పెట్టి
మళ్ళీ రాయి, అన్నాను.